ఇల్లు మారేటప్పుడు అక్వేరియం తరలింపు: నత్రీకరణ సూక్ష్మజీవుల రక్షణే కీలకం

ఇల్లు మారిన రోజున చేపలు బాగానే ఉంటాయి. తొట్టిని కొత్త గదిలో అమర్చి, నీరు నింపి, దీపం వెలిగించగానే ఎప్పటిలాగే ఈదుతూ కనిపిస్తాయి. నాలుగో రోజునో, వారం తిరిగేసరికో మేత ముట్టడం మానేస్తాయి. నీటి పైభాగానికి చేరి నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడతాయి. పది రోజులు గడిచేసరికి సగం తొట్టి ఖాళీ అవుతుంది. కొత్త ఇల్లు అచ్చిరాలేదని, దిష్టి తగిలిందని, ప్రయాణపు కుదుపులకు చేపలు బెదిరిపోయాయని ఇంటివారు రకరకాలుగా అనుకుంటారు. కుదుపులే కారణమైతే నష్టం మొదటి రెండు రోజులలోనే కనిపించాలి. వారం ఆలస్యంగా వచ్చే మరణాలకు కారణం తరచుగా వేరొకటి. తొట్టితోపాటు తరలవలసిన సూక్ష్మజీవులు దారిలోనే నశించి ఉంటాయి.

అలంకార చేపల పెంపకం నేడు డ్రాయింగ్ రూముకే పరిమితం కాలేదు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి అలంకార చేపల యూనిట్లకు కూడా ఆర్థిక సహాయం అందించింది. అద్దె ఇళ్లలో, ఇరుకు షెడ్లలో తొట్లు నడిపే చిన్న పెంపకందారులు ఏదో ఒకనాడు చోటు మారక తప్పదు. అందువల్ల తరలింపు వెనుక ఉన్న శాస్త్రం విస్తరణ శాస్త్రవేత్తలకూ విద్యార్థులకూ తెలిసి ఉండాలి. నేలలో నత్రజని మార్పులను చదువుకున్నవారికి ఇందులోని అధిక భాగం పరిచితమైనదే.

తొట్టిలో నత్రజని మార్పులు

చేపలు తాము తిన్న మాంసకృత్తులలోని నత్రజనిని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా నీటిలోకి విడుస్తాయి. మిగిలిపోయిన మేత, మలం, కుళ్లిన ఆకులు కూడా చివరికి అమ్మోనియానే ఇస్తాయి. నేలలో వేసిన అమ్మోనియం ఎరువు ఎలా మారుతుందో, తొట్టిలోని అమ్మోనియా కూడా అలాగే మారుతుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గాను, మరొక వర్గం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషాలే. నైట్రేట్ మాత్రం చాలా ఎక్కువ మోతాదులో పేరుకుంటే తప్ప ప్రమాదకరం కాదు.

నత్రీకరణ జరిపే సూక్ష్మజీవులను సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుచేసి వాటి జీవన విధానాన్ని వివరించారు. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో ఆ పని చేసేది ప్రధానంగా నైట్రోస్పిరా అని 1990ల చివరలో వెల్లడైంది. అమ్మోనియాను ఏకంగా నైట్రేట్ వరకు మార్చగల నైట్రోస్పిరా జాతులను 2015లో గుర్తించారు. వాటిలో కొన్ని దొరికినది చేపల పెంపక వ్యవస్థకు అనుబంధంగా ఉన్న ఒక ఫిల్టర్‌లోనే.

తరలింపు దృష్ట్యా ఈ సూక్ష్మజీవుల లక్షణాలు మూడు ముఖ్యమైనవి. మొదటిది, ఇవి నీటిలో తేలుతూ ఉండవు. ఫిల్టర్ స్పాంజి, సిరామిక్ ముక్కలు, కంకర, గాజు గోడల వంటి ఉపరితలాలకు అంటుకుని పలుచని జిగురు పొరగా జీవిస్తాయి. రెండవది, వీటి పెరుగుదల నిదానం. అనుకూల పరిస్థితులలో ఇ. కోలి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు అవుతుంది. ఇవి రెట్టింపు కావడానికి చాలా గంటలు, తరచుగా ఒక రోజు లేదా అంతకు మించి పడుతుంది. అందుకే కొత్త తొట్టిలో నత్రీకరణ స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మూడవది, వీటికి ప్రాణవాయువు అత్యవసరం. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. గాలి ఆడని చోట గంటల తరబడి మూసి ఉంచితే ఇవి దెబ్బతింటాయి.

కొత్త ఇంటికి మురికిని ఎందుకు మోసుకుపోవాలని ఇల్లు మారేవారు చేసే మొదటి పని స్పాంజిని, కంకరను కుళాయి కింద తెల్లగా కడగడం. ఆ ఒక్క చర్యతో నెలల తరబడి పెరిగిన సూక్ష్మజీవుల పొర తొలగిపోతుంది. మిగిలిన కొద్దిపాటి పొరను కుళాయి నీటిలోని క్లోరిన్ చంపుతుంది. తొట్టి కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది గాని, అమ్మోనియాను అందుకునే జీవి అందులో ఉండదు.

అమ్మోనియా అంతే, ప్రమాదం వేరు

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయాను రూపం చేపకు అంతగా హాని చేయదు. అయనీకరణ చెందని అమ్మోనియా మొప్పల గుండా సులభంగా రక్తంలోకి చొచ్చుకుపోతుంది. ఈ రెండింటి నిష్పత్తిని ప్రధానంగా ఉదజని సూచిక, కొంతవరకు ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం దాదాపు 0.7 శాతం. ఉదజని సూచిక 8 ఉన్న నీటిలో అది దాదాపు 6.5 శాతం. క్షార నేలల్లో యూరియాను పైపాటుగా చల్లితే నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోవడానికి కారణమైన రసాయన సమతౌల్యమే ఇక్కడా పనిచేస్తుంది.

ఒక సామాన్యమైన తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి ఘనపరిమాణం సుమారు 127 లీటర్లు. కంకర, రాళ్లు, పైన విడిచిన ఖాళీ పోగా అందులో 100 లీటర్ల నీరు ఉంటుంది. రోజుకు 2 గ్రాముల మేత వేస్తే, కిలో మేతకు సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని విడుదలవుతుందనే సాధారణ లెక్క ప్రకారం, రోజుకు 60 మి.గ్రా. నీటిలో చేరుతుంది. అంటే లీటరుకు 0.6 మి.గ్రా. సూక్ష్మజీవులు లేకపోతే మూడు రోజులలో అది 1.8 మి.గ్రా. అవుతుంది.

ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో ఈ 1.8 మి.గ్రా.లో విషరూపం లీటరుకు 0.013 మి.గ్రా. మాత్రమే. చేప దానిని తట్టుకుంటుంది. ఉదజని సూచిక 8 ఉన్న నీటిలో అదే 0.12 మి.గ్రా. అవుతుంది. విషరూప అమ్మోనియా లీటరుకు 0.05 మి.గ్రా. దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకే కుటుంబం, ఒకే తొట్టి, అవే చేపలు, అదే మేత. నీరు మారడం వలన ఒకచోట బతికే చేప మరొకచోట చనిపోతుంది. హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నీరు అందే కాలనీ నుంచి బోరు నీటిపై ఆధారపడే శివారు ప్రాంతానికి మారే కుటుంబానికి ఈ తేడా ఎదురుకావచ్చు.

పాత తొట్టిలో దాగిన ఆమ్లత

వారం తరువాత వచ్చే మరణాలకు సూక్ష్మజీవుల లోపం కారణమైతే, ఇల్లు మారిన రోజునే సంభవించే మరణాలకు తరచుగా మరొక కారణం ఉంటుంది. అమ్మోనియం ఎరువుల వాడకంతో నేల క్రమేణా ఆమ్లంగా మారినట్లే, నత్రీకరణ సాగేకొద్దీ తొట్టి నీటిలోని క్షారత్వం హరించుకుపోతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో సుమారు 7.1 గ్రాముల క్షారత్వం ఖర్చవుతుంది. నీటిని సక్రమంగా మార్చకుండా, ఆవిరైనంత మేరకు మాత్రమే పోస్తూ వచ్చిన తొట్లలో ఉదజని సూచిక 6.5 కంటే తక్కువకు పడిపోవచ్చు. ఆ స్థితిలో నత్రీకరణ కూడా మందగించి అమ్మోనియా పేరుకుంటుంది. అయితే అది దాదాపు పూర్తిగా అమ్మోనియం రూపంలో ఉండడంతో చేపలలో ఏ లక్షణమూ కనిపించదు.

ఇటువంటి తొట్టిని తరలించి, పాత నీటికి క్షారత్వం ఎక్కువగా ఉన్న కొత్త నీటిని కలిపితే ఉదజని సూచిక కొన్ని నిమిషాలలోనే 8కి చేరవచ్చు. అంతవరకు నిద్రాణంగా ఉన్న అమ్మోనియం ఒక్కసారిగా విషరూపం దాలుస్తుంది. కాబట్టి తరలింపుకు కనీసం రెండు వారాల ముందే పాత తొట్టి నీటిని పరీక్షించాలి. ఉదజని సూచిక తక్కువగా ఉంటే, రెండు మూడు రోజులకొకసారి పది శాతం చొప్పున నీటిని మారుస్తూ నెమ్మదిగా సరిదిద్దాలి.

కొత్త ఇంటి నీటి పరీక్ష

కొత్త ఇంటి తాళాలు చేతికి వచ్చిన రోజునే ఒక బకెట్ నీటిని సేకరించి పరీక్షించడం మంచిది. బోరు నీటిని తోడిన వెంటనే పరీక్షిస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. భూగర్భ జలంలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు వలన ఉదజని సూచిక తక్కువగా కనిపిస్తుంది. గాలి తగిలి ఆ వాయువు వెలుపలికి పోయిన తరువాత పెరుగుతుంది. అందుచేత ఎయిర్ పంపుతో 24 గంటలు గాలి ఆడించిన తరువాతి కొలతనే పరిగణించాలి. బోరు నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువగా ఉంటుంది గనుక, గాలి ఆడించడం ఆ విధంగానూ అవసరమే.

అపార్ట్‌మెంట్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు సర్వసాధారణమయ్యాయి. సోడియం మార్పిడి పద్ధతిలో పనిచేసే ఈ యంత్రాలు కాల్షియం, మెగ్నీషియంలను తొలగిస్తాయి గాని క్షారత్వాన్ని తగ్గించవు. సబ్బు బాగా నురుగునిస్తోంది గనుక నీరు చేపలకు మంచిదని భావించడం పొరపాటు. ఆర్.ఓ. నీటిలో క్షారత్వం అతి స్వల్పం. దానిని మాత్రమే నింపితే ఉదజని సూచిక నిలకడగా ఉండదు. బోరు నీటిలో తగు పాళ్లలో ఆర్.ఓ. నీటిని కలిపి, పాత తొట్టి నీటి గుణానికి దగ్గరగా తీసుకురావచ్చు.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. అవశేష క్లోరిన్ ఉండాలి. మనుషులకు రక్షణ కల్పించే ఈ క్లోరిన్ చేపల మొప్పలకు, సూక్ష్మజీవులకు హానికరం. నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు గాలి ఆడిస్తూ ఉంచాలి. వ్యవధి లేకపోతే, ప్రతి మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు 7 మి.గ్రా. సోడియం థయోసల్ఫేట్ చొప్పున కలపాలి. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ ఉన్న 100 లీటర్ల నీటికి 0.7 గ్రాము సరిపోతుంది.

వడపోత పదార్థం తరలింపు

తరలింపులో మొదటి ప్రాధాన్యం వడపోత పదార్థానిది. స్పాంజిని, సిరామిక్ ముక్కలను ఫిల్టర్ నుంచి తీసి, తొట్టి నీటితో తడిపి, మూత వదులుగా ఉన్న వెడల్పాటి బకెట్‌లో ఉంచాలి. వాటిని లోతైన నీటిలో ముంచి ఉంచడం కంటే, అడుగున కొద్దిపాటి నీటితో తడిగా, గాలి తగిలేలా ఉంచడం మేలు. నిలిచిన నీటిలో ప్రాణవాయువు త్వరగా ఖర్చవుతుంది. తడి పొరకు గాలి నుంచి అది నిరంతరం అందుతుంది. ప్రయాణం ఎక్కువసేపు సాగితే మధ్యమధ్య తొట్టి నీటిని చిలకరించాలి. బకెట్‌ను ఎండలో ఉంచకూడదు.

పెద్ద తొట్లకు వాడే మూత బిగించిన డబ్బా ఫిల్టర్లను నీటితో సహా అలాగే తరలించడం ప్రమాదకరం. ప్రవాహం ఆగిన కొన్ని గంటలలో లోపలి ప్రాణవాయువు హరించుకుపోయి సూక్ష్మజీవులు చనిపోతాయి. కొత్త ఇంట్లో దానిని నడిపిన క్షణాన ఆ కుళ్లిన నీరంతా చేపల మీదికి వస్తుంది. అటువంటి ఫిల్టర్‌ను తప్పనిసరిగా ఖాళీ చేసి, పదార్థాన్ని విడిగా తీసుకువెళ్లాలి.

పాత నీటిని ఎంత మోయాలన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. సూక్ష్మజీవులు నీటిలో కాక ఉపరితలాలపై ఉంటాయి గనుక, వాటి కోసమని నీరంతా మోయనవసరం లేదు. చేపలకు నీటి గుణం హఠాత్తుగా మారకుండా ఉండేందుకు సుమారు సగం నీటిని తీసుకువెళ్తే చాలు. రెండు ఇళ్ల నీటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఈ వాటాను పెంచాలి.

అడుగు కంకర, మొక్కలు

నీరు నిలిచిన వరి మడిలో పైన పలుచని ప్రాణవాయు సహిత పొర, దాని కింద ప్రాణవాయువు లేని పొర ఏర్పడతాయి. చాలాకాలంగా కదపని తొట్టి కంకరలోనూ ఇదే అమరిక ఉంటుంది. అడుగు పొరను చేపలు ఉండగానే కలియబెడితే హైడ్రోజన్ సల్ఫైడ్, పేరుకున్న సేంద్రియ మలినాలు నీటిలోకి వస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దీనికి సంకేతం. కాబట్టి ముందుగా తేటనీటిని తోడుకుని, చేపలను తీసిన తరువాతనే కంకరను కదపాలి. దానిని పాత తొట్టి నీటితోనే తేలికగా జాడించి, మురికి నీటిని పారబోయాలి.

వాలిస్నేరియా, క్రిప్టోకోరిన్ వంటి వేరు మొక్కలను తడి కాగితంలో చుట్టి సంచిలో ఉంచితే ఒక రోజు ప్రయాణాన్ని తట్టుకుంటాయి. నాట్లు వేసిన వరి నారు కొన్ని రోజులు పాలిపోయి తేరుకున్నట్లే వీటికీ నాటు దెబ్బ ఉంటుంది. క్రిప్టోకోరిన్ ఆకులు పూర్తిగా కరిగిపోయినట్లు కనిపించినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఆ కుళ్లిన ఆకులను వెంటనే తొలగించకపోతే అవే అమ్మోనియాను పెంచుతాయి.

చేపల ప్రయాణం

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు తరలింపుకు ముందు 24 నుంచి 48 గంటలు మేత ఆపాలి. పొట్ట ఖాళీగా ఉన్న చేప దారిలో తక్కువ అమ్మోనియాను విడుస్తుంది, ప్రాణవాయువును కూడా తక్కువగా వాడుకుంటుంది. ఒకే ఊరిలో రెండు మూడు గంటల ప్రయాణమైతే మూత ఉన్న బకెట్లు, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు సరిపోతాయి. బకెట్‌లో పాత తొట్టి నీటినే వాడాలి. సబ్బు తగిలిన బకెట్లు పనికిరావు. చీకటిగా ఉంటే చేపలు నెమ్మదిస్తాయి గనుక పైన ముదురు రంగు గుడ్డ కప్పాలి.

దూర ప్రయాణాలకు పాలిథీన్ సంచిలో మూడో వంతు నీరు, మిగిలిన రెండు వంతులు ప్రాణవాయువు నింపడం ఆనవాయితీ. కోరిడోరస్, సక్కర్ చేప వంటి ముళ్ల రెక్కల చేపలు సంచిని పొడిచే అవకాశం ఉన్నందున వాటిని డబ్బాలలో ఉంచాలి. మగ ఫైటర్ చేపలను విడివిడిగా పెట్టాలి. ఫైటర్, గౌరామి వంటివి నీటిపై గాలిని కూడా పీలుస్తాయి గనుక పాత్రలో నీటి పైన ఖాళీ తప్పనిసరి. ఈనడానికి సిద్ధంగా ఉన్న గప్పీ, మోలీలను వీలైతే ఈనిన తరువాతనే కదపాలి.

ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.3 మి.గ్రా. కరిగితే 30 డిగ్రీల వద్ద 7.6 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. వేసవిలో సామాన్ల లారీలోనో, నిలిపి ఉంచిన కారులోనో చేపలను వదిలితే నష్టం తప్పదు. ఉదయపు వేళ మనుషులతోపాటే తీసుకువెళ్లడం ఉత్తమం. చలికాలంలో పాత్రలను థర్మోకోల్ పెట్టెలో ఉంచాలి.

గంటల తరబడి మూసి ఉన్న సంచిని తెరవడంలో ఒక సూక్ష్మం ఉంది. సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వలన నీరు కొంత ఆమ్లంగా మారి, పోగైన అమ్మోనియాను హానిలేని రూపంలో నిలిపి ఉంచుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికిపోయి ఉదజని సూచిక పెరుగుతుంది, అమ్మోనియా విషరూపంలోకి మారుతుంది. అందువల్ల దూర ప్రయాణం చేసిన సంచిని తెరిచి, గంటసేపు కొద్దికొద్దిగా నీరు కలుపుతూ కూర్చోవడం హానికరం. మూసిన సంచిని పదిహేను ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, ఉష్ణోగ్రత సమానమయ్యాక విప్పి, చేపలను వలతో తొట్టిలోకి మార్చాలి. సంచి నీటిని తొట్టిలో పోయకూడదు. తొట్టి నీరు ముందుగానే పాత నీటి గుణానికి దగ్గరగా ఉంటేనే ఈ పద్ధతి సురక్షితం.

కొత్త ఇంట్లో అమరిక

హీటర్‌ను ఆపి, చల్లారడానికి పదిహేను ఇరవై నిమిషాలు విడిచిన తరువాతనే తొట్టి నుంచి నీటిని తీయాలి. నీరు, కంకర ఉండగా తొట్టిని ఎత్తకూడదు. కొద్దిపాటి నీరు ఉన్నా ఊగిసలాటలో సిలికాన్ అతుకులపై ఒత్తిడి పడుతుంది. మూడడుగుల తొట్టి నిండినప్పుడు బరువు ఒకటిన్నర క్వింటాళ్లకు చేరుతుంది గనుక బల్ల దృఢంగా ఉండాలి. రసమట్టంతో సమతలాన్ని సరిచూసి, గాజు అడుగు కింద థర్మోకోల్ పలక పరవాలి. నేరుగా ఎండ పడే కిటికీ పక్క స్థలం తగదు.

గృహప్రవేశం జరిగే రోజునే తొట్టిని తరలించకపోవడం వివేకం. ఆనాటి జనసందడిలో నీటి పరీక్షలకు తీరిక ఉండదు. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి పంపుతుంది. హోమధూమం, కొత్త రంగుల వాసన, వార్నిష్ ఆవిరి అన్నీ నీటిలోకి చేరతాయి. అన్నింటికన్నా ప్రమాదకరమైనవి ఇంట్లో చల్లే పురుగు మందులు. పైరిథ్రాయిడ్ మందులు క్షీరదాలకు తక్కువ విషమైనా, చేపలకు అతి స్వల్ప మోతాదులో కూడా ప్రాణాంతకం. చెదల, బొద్దింకల నివారణకు మందు కొట్టించదలిస్తే తొట్టి రాకముందే కొట్టించి, గదులకు బాగా గాలి ఆడనివ్వాలి.

అమర్చే క్రమం ఇది: ముందుగా కంకర, తరువాత పాత నీరు, ఆపై సిద్ధం చేసిన కొత్త నీరు, వెంటనే ఫిల్టర్. ఫిల్టర్ నడిచి ఉష్ణోగ్రత స్థిరపడిన తరువాత ఉదజని సూచికను కొలిచి, చివరగా చేపలను విడవాలి.

తొలి నాలుగు వారాలు

మొదటి రోజు మేత వేయకూడదు. తొలి వారం మామూలు మేతలో నాలుగో వంతు, రెండో వారం సగం చాలు. మేతను తగ్గించడమంటే అమ్మోనియాను మూలంలోనే తగ్గించడం. మొదటి పది రోజులు ప్రతిరోజూ, తరువాత రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించాలి. ఉదజని సూచిక 8 లేదా అంతకు మించిన నీటిలో మొత్తం అమ్మోనియా లీటరుకు 0.5 మి.గ్రా. చేరగానే పావు వంతు నీటిని మార్చాలి. ఉదజని సూచిక 7 వద్ద ఉంటే 1 మి.గ్రా. వరకు వ్యవధి ఉంటుంది. మార్చే నీరు క్లోరిన్ తొలగించినదై, తొట్టి నీటి గుణానికి దగ్గరగా ఉండాలి.

నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని రూపంలోకి మారుస్తుంది. మొప్పలు గోధుమ రంగుకు తిరగడం దీని లక్షణం. మొప్పల వద్ద క్లోరైడ్ నైట్రైట్‌తో పోటీపడి దాని ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. లీటరుకు అర గ్రాము ఉప్పు కలిపితే సుమారు 300 మి.గ్రా. క్లోరైడ్ లభించి తగిన రక్షణ కలుగుతుంది. పొలుసులు లేని చేపలు, కొన్ని మొక్కలు ఉప్పును అంతగా సహించవు. అమ్మోనియం అయానును పట్టి ఉంచే జియోలైట్‌ను అత్యవసరంలో వాడవచ్చు. అయితే ఉప్పు కలిపిన నీటిలో సోడియం ఆ అమ్మోనియాను తిరిగి విడిపిస్తుంది గనుక రెండింటినీ ఒకేసారి వాడకూడదు.

సూక్ష్మజీవుల పొర ఇప్పటికే నశించిందని తేలితే, తెలిసినవారి ఆరోగ్యకరమైన తొట్టి నుంచి వాడుకలో ఉన్న స్పాంజి ముక్కను తెచ్చి ఫిల్టర్‌లో ఉంచడం మంచి మార్గం. పప్పుజాతి పంటకు రైజోబియం పట్టించినట్లు ఇది కొత్త ఫిల్టర్‌కు తోడుపెట్టడమే. నాలుగు వారాలు గడిచి, అమ్మోనియా, నైట్రైట్ నిలకడగా శూన్యానికి చేరేవరకు కొత్త చేపలను తీసుకురాకూడదు.

ఉంచుకోలేని చేపలు

ఇల్లు మారేటప్పుడు కొందరు చేపలను వదిలించుకోవాలనుకుని సమీపంలోని చెరువులోనో కాలువలోనో విడిచిపెడతారు. ప్రాణం కాపాడామన్న తృప్తితో చేసే ఈ పని చెరువుకు చేటు. తొట్టిని శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికాకు చెందినది. అలంకార చేపల వ్యాపారం ద్వారా వచ్చి, తెలుగు రాష్ట్రాల జలాశయాలలోకి చేరి మత్స్యకారుల వలలకు, దేశీయ చేపలకు బెడదగా మారింది. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందం కోసం తెచ్చిన మొక్కే. చేపలను దుకాణదారునికో మరొక పెంపకందారునికో అప్పగించాలి. తొట్టి మొక్కలను కాలువలో వేయకుండా ఎండబెట్టి పారవేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

చేపలు చనిపోతున్నాయని సంప్రదించినవారికి మందు పేరు చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడగడం అవసరం. ఇల్లు మారి ఎన్నాళ్లయింది? ఫిల్టర్ స్పాంజిని ఏ నీటితో కడిగారు? పాత ఇంటి, కొత్త ఇంటి నీటి ఉదజని సూచికలు ఎంతెంత? కొత్త ఇంట్లో ఏవైనా మందులు చల్లారా? ఈ సమాధానాలతో చాలా సందర్భాలలో కారణం బయటపడుతుంది. కారణం తెలియకుండా వేసే యాంటీబయాటిక్ మందులు మిగిలి ఉన్న సూక్ష్మజీవులను కూడా దెబ్బతీయవచ్చు.

విద్యార్థులు ఈ సూత్రాన్ని ప్రయోగశాలలో సులభంగా పరీక్షించవచ్చు. పాత తొట్టి స్పాంజిని మూడు ముక్కలు చేసి, ఒకదానిని తొట్టి నీటితో, రెండవదానిని కుళాయి నీటితో కడగాలి. మూడవదానిని ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. చేపలు లేని మూడు జాడీలలో సమాన పరిమాణంలో క్లోరిన్ లేని నీటిని, కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్‌ను తీసుకుని, ఒక్కొక్క జాడీలో ఒక ముక్క ఉంచి గాలి ఆడించాలి. వారం రోజులపాటు ప్రతిరోజూ అమ్మోనియాను కొలిచి రేఖాపటం గీయాలి. ఇల్లు మారే కుటుంబానికి స్పాంజిని ఎందుకు కడగకూడదో వివరించేటప్పుడు, ఆ పటాన్ని చూపడం మాటల కంటే తేలిక.